షాకబ్జర్ మీద పసుపు గీత

"మీ షాక్ ఊడింది," అంది కారు కింద నుంచి ఒక ఆడగొంతు.

"నాకేం షాక్ లేదండీ, బాగానే ఉన్నాను," అన్నాను.

"మీకు కాదు సార్, బండికి! వెనక కుడివైపు షాకబ్జర్. కింది బోల్టు జారిపోయి, గాలికి వేలాడుతోంది."

"సరే గానీ, మెకానిక్ లేడా?"

చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని ఒకమ్మాయి సర్రున బయటికొచ్చింది. చెంప మీద గ్రీజు, చెవి వెనక పెయింట్ పెన్ను, చేతిలో పానా.

"లేడు. ఉంది," అంది.

అప్పుడు తగిలింది నాకు అసలు షాక్.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. పొద్దస్తమానం ఆవగింజంత మరలు బిగించడమే నా ఉద్యోగం. అందుకే ఎవరైనా ఏదైనా బిగిస్తుంటే నోరు ఊరుకోదు. ఆ అమ్మాయి కొత్త బోల్టు వేసి, నట్టు చేత్తో తిప్పి, జాకీ దించేస్తుంటే నేను ఎగిరిపడ్డాను.

"అయ్యో, ఇంకా గట్టిగా బిగించలేదు! మా కళ్ళజోళ్ళ షాపులో ఇలా వదిలేస్తే ఊరుకోరు. దించేస్తున్నారేంటి?"

"కళ్ళజోడు గారూ," అంది. ఆ క్షణం నుంచి నా పేరదే. "మీ షాపులో ఆఖరి మర ఎప్పుడు బిగిస్తారు? కళ్ళజోడు బల్ల మీద ఉన్నప్పుడా, మనిషి ముక్కు మీద పెట్టి చూశాకా?"

"ముక్కు మీద పెట్టి చూశాకే."

"ఇదీ అంతే. బండి గాల్లో ఉండగా గట్టిగా బిగిస్తే, నేల మీదకి దిగాక లోపలి రబ్బరు మెలితిరిగి చిరిగిపోతుంది. బండి తన బరువు తను మోస్తున్నప్పుడే ఆఖరి బిగింపు."

మళ్ళీ కిందకి దూరి బిగించింది. చెవి వెనక పెన్ను తీసి, నట్టు మీద సగం, బోల్టు మీద సగం పడేలా పసుపు గీత గీసింది.

"నట్టు వెంట్రుకవాసి కదిలినా ఈ గీత విరుగుతుంది. నాకు తెలిసిపోతుంది."

నా నట్టు అప్పటికే కదిలిపోయిందని మాత్రం తనకి తెలియలేదు.

తర్వాత ఎనిమిది రోజుల్లో మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి టైర్లలో గాలి చూడమన్నాను. ఒకసారి వైపర్ కిర్రుమంటోందన్నాను. మూడోసారి ఏం చెప్పాలో తోచక హారన్ మరీ గట్టిగా మోగుతోందన్నాను.

"నొక్కడం తగ్గించండి," అంది. పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. ఆ నవ్వు చూశాక నాకు నిద్రేం పడుతుందండీ!

సాకులన్నీ అయిపోయాయి. ప్రేమ గుడ్డిదంటారు, కళ్ళజోళ్ళ షాపువాడికీ మినహాయింపు లేదు. ఆదివారం మధ్యాహ్నం పానా పట్టుకుని నా కారు కింద నేనే దూరి, ఆ నట్టు రెండు చుట్లు వదులు చేశాను. బండి టకటకలాడుతుంది, దర్జాగా వెళ్ళొచ్చు. అదీ నా పథకం.

తీరా చూస్తే పసుపు గీత రెండు ముక్కలై నన్నే చూస్తోంది. గబగబా గుడ్డని పెట్రోల్లో ముంచి గీత మొత్తం తుడిచేసి, ఆ గుడ్డ డిక్కీలో కుక్కాను. దొంగపని చేసినవాడికి తెలివితేటలు కూడా ఉంటాయని అప్పుడు అనుకున్నాను. ఏం ఉండవు!

మర్నాడు కుండపోత వాన. ఒక్కణ్ణే పోదామనుకుంటే మా బామ్మ వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. "నువ్వు మాటిమాటికీ పోతున్న షెడ్డేదో నేనూ చూస్తాను పద," అంది. వద్దంటే వింటేగా! దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కింద టకటక, పైన "ఓరి దేవుడో".

షెడ్డులో ఆ రోజు పెద్ద మేస్త్రి కూడా ఉన్నాడు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న. మోకాళ్ళ నొప్పులతో చేతికర్ర పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏంటి సార్, మళ్ళీ హారనా?" అని నవ్వుతూ వచ్చింది చిన్న మేస్త్రి.

"కాదండీ, అదే... షాకబ్జర్. మళ్ళీ వదులైంది."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. పలక లాక్కుని కిందకి దూరింది.

"వదులైందా?" అన్నాడు పెద్ద మేస్త్రి. "చూశారా బాబూ, ఇవాళే వదులవ్వాలా! 'ఈ నెలంతా నువ్వు చేసిన బండి ఒక్కటి కూడా అదే పనికి తిరిగి రాకపోతే షెడ్డు నీ చేతికిస్తాను' అని అమ్మాయికి మాటిచ్చాను. లేదంటే బయటి నుంచి ఇంకో మేస్త్రిని తెస్తాను, తను కౌంటర్లో కూర్చోవాలి. ముప్ఫై బళ్ళు చేసింది, ఒక్కటీ తిరిగి రాలేదు. ఇవాళ ఆఖరి రోజు."

తిరిగొచ్చిన ఆ ఒక్కటీ నా బండే.

"గీత ఉందా అమ్మా?" అని అరిచాడాయన.

కింద నుంచే చెప్పింది. "లేదు నాన్నా."

"ఉంటే విరగాలి గానీ, లేకపోవడమేంటి? వాన కడిగేసిందా? గీత లేదంటే ఆఖరి బిగింపు లేనట్టే."

పలక మీద మెల్లగా బయటికొచ్చింది. మొహంలో రక్తం లేదు. "పెట్టాననే గుర్తు నాన్నా... కానీ నేనే మర్చిపోయానేమో. ఆ రోజు మాటల్లో పడ్డాను."

ఆ మాటలు నాతోనే! తన చెయ్యి మీద తనకే నమ్మకం పోతోంది, నా వల్ల. ఇక ఆగలేకపోయాను.

"మర్చిపోలేదు! బిగించారు, గీత కూడా గీశారు. నేనే వదులు చేశాను. పెట్రోల్ పెట్టి తుడిచిందీ నేనే."

తను పలక మీంచి లేచి నిలబడింది.

"ఎందుకు?" అంది తను.

"మళ్ళీ మిమ్మల్ని చూడ్డానికి. సాకులు అయిపోయాయి."

పానా నేలకేసి కొట్టింది. "నీకు బుద్ధుందా? చక్రం దగ్గర నట్టు వదులు చేసి, బామ్మగార్ని వెనక కూర్చోబెట్టుకుని, ఇంత వానలో తోలుకొస్తావా? ఏమన్నా అయితే? నా పని మీద నాకే అనుమానం వచ్చేలా చేశావు, తెలుసా నీకు?"

అన్నీ న్యాయమే. తల వంచుకున్నాను. ఒక్కటి మాత్రం దాచను, తను నన్ను "నువ్వు" అనడం అదే మొదటిసారి. తిట్టే గానీ, చెవుల్లో తేనె పోసినట్టుంది.

"క్షమించండి. మీ పనిలో తప్పు లేదని ఎవరి ముందైనా చెప్తాను. ఇంకెప్పుడూ రావద్దంటే రాను."

"ఒరేయ్ వెధవా!" బామ్మ కారు తలుపు తీసింది. "ఇష్టమని నోటితో చెప్పి చావొచ్చుగా! మధ్యలో నా నడుమేం చేసిందిరా?"

డిక్కీలోంచి ఆ గుడ్డ తీసిస్తే పెద్ద మేస్త్రి వాసన చూశాడు. "పెట్రోలే," అన్నాడు. నా వైపు ఎగాదిగా చూశాడు.

"అమ్మాయ్, తిరిగొచ్చింది బండి కాదు, బండి గలాయన. అది లెక్కలోకి రాదు," అని జేబులోంచి షెడ్డు తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఇతన్ని ఏం చేయాలో మేస్త్రివి నువ్వే చెప్పు."

తను తాళాలు గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"పడుకోండి."

"ఆఁ?"

"కారు కింద. ఊడదీసిన చేత్తోనే బిగించండి."

బండిని జాకీ మీద లేపి, నట్టూ రబ్బరూ అన్నీ చూసి, బాగున్నాయని తేల్చింది. నన్ను కిందకి తోసి, పక్కనే తనూ దూరింది. జానెడు దూరంలో తన మొహం! నట్టు చేత్తో తిప్పుతుంటే జారిపోతోంది.

"అసలు నేను మొదటి రోజు నుంచే మిమ్మల్ని..."

"ఆగండి. ఇంకా గాల్లో ఉంది," అంది.

"బండా?"

"మీరు కూడా."

బయటికొచ్చి జాకీ దించాం. నాలుగు చక్రాలూ నేల మీద నిలబడ్డాయి. మళ్ళీ కిందకి దూరి, తను చూస్తుండగా, పళ్ళు బిగబట్టి ఆఖరి బిగింపు బిగించాను.

"ఇప్పుడు చెప్పండి."

"మీరంటే నాకిష్టం. మళ్ళీ రావాలనుంది. బండి లేకుండా."

"బండి లేకుండానే రావాలి. తెస్తే ఇంకేం ఊడదీస్తారో!"

"ఒరేయ్, ఏమందిరా?" అని పైనుంచి బామ్మ.

"ఆగండమ్మా," అన్నాడు పెద్ద మేస్త్రి, "ఆఖరి బిగింపు అవుతోంది."

తను నవ్వుతూ నట్టు మీద గీత గీసింది. ఆ తర్వాత నా బొటనవేలు లాగి, తన బొటనవేలి పక్కన ఆనించి, రెండు గోళ్ళ మీదా కలిపి ఒకటే పసుపు గీత లాగింది.

"నువ్వు ఇది చెరిపావో, నాకు తెలిసిపోతుంది," అంది. ఈసారి "నువ్వు"లో తిట్టు లేదు.

వారమంతా షాపులో అందరూ అడుగుతూనే ఉన్నారు, గోటికి ఆ రంగేంటని. అద్దాలు తుడిచే స్పిరిట్ సీసా నా ముందే ఉంటుంది. దాని మూత జోలికి కూడా పోలేదు.