బోర్నాస్ సొరంగంలో తోడు

బోర్నాస్ సొరంగానికి మంచి పేరు లేదు. పొద్దువాలాక సైకిలు మీద ఆ దారిన ఒంటరిగా ఎవరూ రారు... వచ్చినవాళ్లకు వెనక ఇంకో గొలుసు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుందట. వెనక్కి మాత్రం చూడకూడదట.

అక్కడ పోయినవాడు ఔరేలియో, సైకిలు పందేల జట్టులో ఒకడు. జట్టు సాధన చేస్తుండగా నాయకుడి టైరు పేలితే, తన చక్రం ఊడదీసి అతనికిచ్చాడు. జట్టు వెళ్లిపోయింది. తనకోసం జట్టు వ్యాను వస్తుందని సొరంగం చీకట్లో గోడవార నిలబడ్డాడు — లారీ వచ్చింది.

ఆ సాయంత్రం, పందేల్లో సైకిలు తొక్కే నీవెస్‌కు ఆ సంగతి గుర్తు కూడా లేదు. ఒళ్లంతా మండిపోతోంది.

మధ్యాహ్నం కోచ్ ఎజీడియో జట్టందరి ముందూ తేల్చేశాడు. "ఆదివారం పందెం డోరియానా గెలవాలి. నీవెస్, చివరి కొండదాకా ఆ పిల్లకు గాలి తగలకుండా నువ్వు ముందు తొక్కు. తర్వాత తప్పుకో."

"కొండ మీద అందరికన్నా ముందుండేది నేనే కదా సార్?"

"పందెం పోస్టరు మీద పడింది దాని మొహం. నీది కాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. డోరియానా తల వంచుకుని బూటు సర్దుకుంది.

చలికాలమంతా చీజు ఫ్యాక్టరీలో పని దిగి, వానలో, మంచులో ఈ కొండలెక్కింది నీవెస్. ఎవరికోసం? తిట్టుకుంటూ తొక్కి తొక్కి, చీకటి పడేసరికి సొరంగం ముందుకొచ్చింది. ఇల్లు అవతలి వైపు.

లోపలికి దూరింది. ఎదురుగాలి ఈడ్చి కొట్టింది. సైకిలు దీపం వెలుగులో తడిసిన రోడ్డు తప్ప ఏమీ కనబడదు.

సగం దూరం వచ్చాక... వెనక చప్పుడు.

గొలుసు. టికటికటిక... ఆపైన ఊపిరి.

ఆమె వేగం పెంచింది. అదీ పెంచింది. తగ్గించింది — అదీ తగ్గించింది. సరిగ్గా తన వెనక చక్రానికి అతుక్కుని, ఎదురుగాలంతా ఆమెకే వదిలేసి, హాయిగా వస్తోంది.

మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మరుక్షణం ఆ భయాన్ని తోసుకుని కోపం పొంగుకొచ్చింది.

"నువ్వు కూడానా?" అంది పళ్లు బిగించి, గుసగుసగా. "బతికున్నవాళ్లు చాలక, చచ్చినవాడివి నువ్వూ నా వెనకే దాక్కుంటావా? సిగ్గులేదూ? ముందుకు రా. నీ వంతు నువ్వు తొక్కు."

చప్పుడు ఆగింది.

తర్వాత... ఎడమ భుజం పక్కనుంచి చల్లగా ఏదో దాటిపోయింది.

గాలి పడిపోయింది. సొరంగం హోరుమంటూనే ఉంది — ఆమె మొహానికి మాత్రం తగలడం లేదు. పెడలు తేలికైంది. కళ్లు చించుకుని చూసింది. ముందు ఎవరూ లేరు. అయినా ఆ లేని మనిషి చాటున, అవతలి చివరిదాకా, జన్మలో ఎన్నడూ తొక్కనంత వేగంగా తొక్కింది.

బయటపడగానే గాలి మళ్లీ కొట్టింది.

అక్కడే కాలు కింద మోపి, ఎజీడియోకి ఫోను చేసింది. "ఆదివారం నేను ఎవరికోసమూ తొక్కను. గెలవడానికే తొక్కుతాను. ఇష్టం లేకపోతే ఇప్పుడే తీసేయండి."

అతను అరిచాడు. ఆమె పెట్టేసింది.

ఇంట్లో నాన్న బెప్పీనో పొయ్యి దగ్గర మొక్కజొన్నపిండి పొలెంటా కలుపుతున్నాడు. ఒకప్పుడు పందేల్లో తొక్కినవాడే. తలెత్తి కూతుర్ని చూశాడు.

"ఎవరి వెనకాల వచ్చావే?"

"ఒక్కదాన్నే వచ్చాను నాన్నా."

"అబద్ధం." గరిటె ఆగిపోయింది. "నీ సైకిలుకు మడ్‌గార్డులున్నాయి. నీ చక్రం బురద నీ మీద పడదు..."

నీవెస్ అద్దం దగ్గరికెళ్లింది. గడ్డం నుంచి నుదుటిదాకా నిలువుగా బురద చార... ముందు పోయే చక్రం, వెనకవాళ్ల మొహం మీద చిమ్మే చార.