అడిగే గొంతు

పొద్దు గూకితే ఆ ఇంటి ముందు నుంచి కుక్క కూడా పోదు. నా మాట నమ్మకపోతే పాలవాడిని అడగండి. వీధి చివర, పెంకులు సగం జారిపోయిన ఇల్లు. మొదట్లో తలుపు దానంతటదే కొట్టుకునేదన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకి పాట మొదలైంది... ఒక ముక్క పాడి ఆగుతుంది. చాలాసేపు ఏమీ ఉండదు. మళ్లీ ఇంకో ముక్క. వీధిలోకి మాటలు వినపడవు, రాగమే తెలుస్తుంది.

పాలవాడు ఆ ఆగడానికే భయపడి క్యాను వదిలేసి పరిగెత్తాడట. పాటకి కాదు.

అది పాటకత్తెల ఇల్లు. అక్కాచెల్లెళ్లు. మా చుట్టుపక్కల వంతెన కట్టిందెవరు, కరువులో గాదె తెరిచిందెవరు, తలుపు మూసుకున్నదెవరు — అంతా ఒక్క పాటలో ఉండేది. తెల్లవార్లూ పాడేవారు. చెల్లెలు అడుగుతుంది, అక్క చెబుతుంది. వాళ్లకో పద్ధతుండేది... అక్క జవాబు చెబుతున్నంతసేపూ చెల్లెలు కళ్లు మూసుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చోవాలి. జవాబు తెలిసి అడిగితే అది అడిగినట్టే ఉండదని వాళ్లమ్మ పెట్టిన నియమం. జవాబు అయిపోయాక అక్క మోకాలు తడుతుంది. అప్పుడు చేతులు తీసి ఇంకోటి అడుగుతుంది.

వాళ్లకి పతకాలిచ్చారు. వీధికి వాళ్ల పేరు పెట్టారు. బస్టాపు గోడ మీద ఇద్దరి బొమ్మలూ వేశారు, ముక్కులు వంకరగా. పాట నేర్చుకున్నవాడు మాత్రం ఒక్కడు లేడు. మాకు తీరికేదీ, బొమ్మ చూసి మురిసిపోవడానికే సరిపోయింది. రేడియో వాళ్లు యంత్రాలతో వస్తే పెద్దావిడ గడప దాటనివ్వలేదు. ఎదురుగా మనుషులు లేకపోతే ఎవరికి చెప్పను అందట.

పెద్దావిడ పోయింది. చిన్నావిడ కొడుకింటికి చేరింది, మళ్లీ పాడలేదు. ఎవరడిగినా గొంతు పోయిందనేది. కాబట్టి ఆ ఇంట్లో పాడేది పెద్దావిడ దయ్యమేనని ఊరంతా తీర్మానించేసింది.

ఇక అసలు సంగతి. ఇది మా వదిన నాతో చెప్పింది. వదిన బట్టలు కుడుతుంది. ఆవిడ ధైర్యం గురించి చెప్పాలంటే, రాత్రి పెరట్లోకి పోవాలన్నా మా అన్నని లేపుతుంది. అలాంటి మనిషి ఒంటరిగా ఆ ఇంటికి వెళ్లిందంటే వాళ్లమ్మ కోసం.

వాళ్లమ్మ మంచాన పడి ఉంది. ఆవిడ తండ్రి పడవ నడిపేవాడు. ఏరు పొంగిన రాత్రి పడవ విప్పాడు, మళ్లీ కనబడలేదు. అవతలి ఒడ్డువాళ్లని తేబోయి మునిగిపోయాడని కొందరు. అందర్నీ వదిలేసి పడవతో సహా ఉడాయించాడని కొందరు. చూసినవాళ్లెవరూ మిగల్లేదు.

ఆ సంగతి పాటలో ఉంది. ఆ చోటు రాగానే జనమంతా వెనక్కి తిరిగి తన వైపు చూసేవారని ఆవిడకి గుర్తు. నిద్రమత్తులో ఉన్న చిన్నపిల్ల... మాటలు వినలేదు, మొహాలే చూసింది. అది మెచ్చుకోలో, ఛీకొట్టడమో తెలీదు. పెద్దయ్యాక వినే ధైర్యం చాల్లేదు. ధైర్యం వచ్చేసరికి పాడేవాళ్లు లేరు. పాట విన్న ముసలివాళ్లని అడిగితే తలో మాటా చెప్పారు.

"పోయేలోగా అదొక్కటి తెలిస్తే చాలే" అంది ఆవిడ కూతురితో.

దయ్యమైతే ఏం, పెద్దావిడేగా, ఆ ఒక్క ముక్కా చెబితే చాలు అనుకుని వదిన సెల్‌ఫోను పట్టుకుని బయల్దేరింది.

తలుపు తోసింది. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి... లైటు వేస్తే పాట ఆగిపోతుందేమోనని వేయలేదు. గోడ పట్టుకుని నడిచింది. లోపలి గదిలోంచి సన్నగా వస్తోంది...

"ఏరు పొంగిన రేయి... పడవ విప్పినవాడు... ఎటుబోయెనో చెప్పవే..."

అదే చోటు. జవాబు కోసం నిలబడింది.

జవాబు రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది వదినకి — పెద్దావిడ ఏనాడూ అడగలేదు. అడిగేది చిన్నావిడ. ఆవిడ బతికే ఉంది కదా... సాయంత్రమే కొడుకింటి అరుగు మీద చూసింది. మరి చీకటి పడ్డాక ప్రాణం పోయిందా ఏంటి?

అడుగు వేయబోతే చాప అంచు కాలికి తగిలి ముందుకి తూలింది. ఆసరా కోసం చాచిన చెయ్యి దేనికో తగిలింది. వెచ్చగా ఉంది... మోకాలు.

"వచ్చావా అక్కా..."

ఆ గొంతులో సంతోషానికి భయం పోయి ఏడుపొచ్చిందట మా వదినకి. లైటు వేసింది. చాప మీద చిన్నావిడ. రెండు చేతులూ చెవుల మీదే ఉన్నాయి. కళ్లు తెరిచి చూసింది. చేతులు నెమ్మదిగా ఒళ్లో పడేసుకుంది.

"నువ్వా" అంది.

వదిన ఆగలేకపోయింది. "మా తాత ఎటు పోయాడమ్మా? ఒక్కసారైనా నీ చెవిన పడలేదా?"

"నేనూ అదేగా అడుగుతున్నా."

పడలేదట. అన్నేళ్లు పక్కనే కూర్చున్నా, పద్ధతి తప్పకుండా చెవులు గట్టిగానే మూసుకుందట. తన దగ్గరున్నవి ఉత్త ప్రశ్నలేనని అక్క పోయాక గానీ తెలిసిరాలేదు. ఖాళీ ఇంట్లో తలుపు కొట్టుకుంటోంది, దయ్యముంది అని ఊళ్లో అంటుంటే ప్రాణం లేచొచ్చింది ఆవిడకి. అప్పటినుంచీ కొడుకు పడుకున్నాక వచ్చి అడుగుతోంది. చెవులు మూసుకుని, మోకాలు ఎప్పుడు తడుతుందా అని కూర్చుంటోంది.

"దయ్యాల్లేవు తల్లీ" అంది గుసగుసగా. "ఉంటే మా అక్క నాచేత ఇన్నిసార్లు అడిగించుకోదు."

ఇంటి దగ్గర దిగబెడతా రమ్మంది వదిన. ఆవిడ కదల్లేదు. వదిన గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది.

"పోయేముందు ఇంకోసారి... మోకాలు తట్టి పో."

వదిన వెనక్కి వెళ్లి తట్టింది. ఆవిడ కళ్లు మూసుకుంది.

వీధిలోకొచ్చి, ఆ వంకర ముక్కుల బొమ్మల దగ్గర నిలబడిపోయింది వదిన. వాళ్లమ్మ మేలుకునే ఉంటుంది. విన్నావా అని అడుగుతుంది. ఇంటికెళ్లి ఏం చెప్పాలి?

వెనక ఆ ఇంట్లోంచి పాట లేచింది. తర్వాతి ప్రశ్న కాదు. మాటలు వినపడకపోయినా రాగం అదే, మళ్లీ పడవవాడి ప్రశ్నే. వదిన చాలాసేపు అక్కడే ఉందట. ఇంకేమీ వినిపించలేదు.