నాన్న కొట్టిన స్పీడ్ బ్యాగ్

“ఇది కూడా మీ నాన్నగారిదేనండీ,” అన్నారు డాక్టర్ వారిజ స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

నూకరత్నానికి బుర్ర తిరిగిపోయింది. పొద్దున్నించి ఇది పద్నాలుగోది.

స్పీడ్ బ్యాగంటే ఏమీ లేదు, చెక్క పలక కింద వేలాడే బొప్పాయికాయంత తోలు సంచి. చేతివేగం కోసం బాక్సర్లు దాన్ని టకటకా కొడుతుంటారు. వైజాగ్ పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన నూకరత్నం అలాంటి పాతవి పద్నాలుగు పోగేసింది. అన్నీ ఆన్‌లైన్ వేలంలో పాడుకున్నవే. సరదాకి మాత్రం కాదు. బాక్సింగ్ కోచ్ అయిన వాళ్ళ నాన్న దాలినాయుడు పోయాక, జిమ్ సామానంతా ఎవరో గంపగుత్తగా అమ్మేశారు. ఆయన రోజూ కొట్టిన ఆ ఒక్క బ్యాగ్ మీదే ఆమె ప్రాణం.

దాన్ని గుర్తుపట్టడమే వారిజ కనిపెట్టిన ఇంప్రింట్ స్కానర్ పని. ఒత్తిడి పడ్డప్పుడల్లా తోలులోని ఫైబర్లు కాస్త నలుగుతాయి. ఆ వరస చదివి, చేతి లయ ఎవరిదో మెషీన్ చెబుతుంది. ఎప్పుడో ఎడమచెయ్యి విరిగిన దాలినాయుడిది మూడు గట్టి దెబ్బలు, ఒక మెత్తని దెబ్బ. పాత వీడియో చూపించి మెషీన్‌కి ఆ లయ నేర్పారు.

ఇంతలో ఫోన్లో వేలం నడుస్తోంది. కొల్హాపూర్‌లో ఎవరో పెట్టిన బ్యాగ్, మట్టికొట్టుకుపోయి ఉంది. వారిజ పంపిన లయతో పోల్చి, అక్కడి స్కానర్ కూడా దాలినాయుడి పేరే చెప్పింది. పాట ముగియడానికి ఇంకా మూడు నిమిషాలుంది.

“ఏటి డాక్టరమ్మా ఇది? ఒకటి లండన్ నించి వచ్చింది, ఒకటి మనీలా నించి. మా నాన్న ఒడిశా దాటి ఎరగడు.”

“నాకూ అంతుబట్టట్లేదండీ. మెషీనే తప్పు చెబుతోందేమో.”

“అయితే కొల్హాపూర్‌దీ అబద్ధమేలే.”

నూకరత్నం ఫోను బోర్లా పెట్టేసింది. పాట నాగపూర్ ఆయనెవరికో దక్కింది.

వారిజకి మాత్రం మనసు ఊరుకోలేదు. తోలుని మైక్రోస్కోప్ కింద పెట్టి చాలాసేపు చూశారు.

“దీనిమీద దెబ్బలే లేవు నూకరత్నం గారూ. అన్నీ రుద్దిన గుర్తులే. మీరు వీటికేమైనా పూస్తారా?”

“ప్రతీ ఆదివారం ఆముదం రాసి గుడ్డతో రుద్దుతాను. లేపోతే తోలు పగిలిపోదా?”

“ఎలా రుద్దుతారో చూపించండి.”

నూకరత్నం చీరకొంగు తీసి రుద్దింది. మూడుసార్లు గట్టిగా, ఒకసారి మెత్తగా. మళ్ళీ మూడు, మళ్ళీ ఒకటి. చిన్నప్పుడు రోజూ నాన్న బ్యాగ్ కొట్టే చప్పుడుకే నిద్రలేచిన మనిషి, తనకి తెలియకుండానే ఆ లయని చేతిలోకి తెచ్చుకుంది.

“నూనెకి తోలు ఉబ్బి పాత గుర్తులు పోయాయి. మిగిలింది మీ చెయ్యే. మెషీన్ తప్పు చెప్పలేదండీ, మనమే పొరబడ్డాం,” అన్నారు వారిజ.

నూకరత్నం చెయ్యి ఆగిపోయింది.

“మరి కొల్హాపూర్‌ది నేనెప్పుడూ ముట్టుకోలేదు కదమ్మా?”

నూకరత్నం గబగబా నాగపూర్ ఆయనకి మెసేజ్ పెట్టింది, ఎంతైనా ఇస్తాను, నాకమ్మండి అని. బ్యాగ్ ఆయన చేతికి అందాక, వారం రోజులకి జవాబొచ్చింది, ఫోటోతో సహా. తోలు అద్దంలా నిగనిగలాడుతోంది.

“తప్పకుండా ఇస్తానమ్మా. మరీ మురికిగా ఉందని, మీకు పంపేముందు ఆముదం రాసి శుభ్రంగా తుడిచాను.”