మూత లోపలి బంగారం

జపాన్‌లోని సకాయ్ రేవులో కొట్టు పెట్టిననాడు జింబెయి చేతిలో ఉన్నది ఒక చీనా బుడ్డి. గుప్పిట్లో ఇమిడేది. గోధుమరంగు గాజుపూత మీద నల్లటి చార ఒకటి జారి, అడుగుదాకా రాకుండానే ఆగిపోయింది. తండ్రి ఓడలో తెచ్చినప్పుడు అందులో మందు ఉండేది. జింబెయి దాన్ని కడిగించి, దంతపు మూత చేయించి, పట్టుసంచి కుట్టించి, తేయాకు పొడి పోశాడు. దాన్ని చూడటానికి వచ్చినవాళ్లే తర్వాత అతని దగ్గర సరుకు కొన్నారు.

ఆ ఉదయం వంటింట్లో గంజి ఉడుకుతోంది. మధ్యాహ్నం ఆ ప్రాంతపు ప్రభువు తేనీటికి వస్తాడు. పొడి పోసి ఉంచుదామని జింబెయి మూత తీశాడు. దాని లోపలివైపు అంటించిన, వెండి కలిసిన బంగారు రేకు నల్లబడి ఉంది.

విషం సోకితే ఆ రేకు రంగు మారుతుందని అందరి నమ్మకం. ప్రభువు మనిషి ముందుగా వచ్చి చూసేది దాన్నే.

"ఒఫుజీ!"

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నిండు చూలాలు. మొగుడు ఓడ మీద ఉన్నాడు. పుట్టిల్లు హకాతా రేవులో, వాళ్లది జింబెయికి పోటీ కొట్టు.

"ఇందులో ఏం పోశావు?"

"నన్ను దాని సంచి కూడా ముట్టనివ్వరు కదా మామయ్యా!"

"మీ నాన్న ఈ బుడ్డి అడిగితే నేను ఇవ్వలేదు. అందుకని నా ఇల్లు కూల్చమన్నాడా?"

"మీ తల పోతే నాది మిగులుతుందా? కడుపులో ఉన్నదాని సంగతేంటి?" "మూడేళ్లయినా మీకు నేను హకాతా సరుకునే."

వెనక గదిలోంచి జింబెయి తల్లి దేక్కుంటూ వచ్చింది. "పిల్ల మీద అరుస్తావేంట్రా? అందులో నా మోకాళ్ల నొప్పులకు రాసుకునే గంధకం పెట్టుకున్నా. నిన్న తీసేసి తుడిచాగా."

"అమ్మా! అందులోనా?"

"మీ నాన్న తెచ్చింది మందుబుడ్డి. మందు పోశా. దానికి పట్టుసంచి కుట్టించావు, నా మోకాలికేం కుట్టించావు?"

అంతలో వాకిట్లో గుర్రం ఆగింది.

ప్రభువు పంపిన అధికారి మూత తిప్పి చూశాడు. కత్తి మీద చెయ్యి వేశాడు. "ఎవరి పని?"

హకాతా పిల్లదని ఒక్క మాటంటే చాలు, తను బయటపడతాడు. ఆ లెక్క జింబెయి మనసులో మెరిసింది. గోడకానుకుని కడుపు పట్టుకున్న ఒఫుజి కనిపించింది.

"ఇల్లు నాది. ఏం జరిగినా నాదే. మా అమ్మ గంధకం పెట్టుకుంది, అంతే."

"అయితే అందులో పొడి పోసి, కలిపి తాగు."

తల్లికి నిన్నటిది ఇవాళ గుర్తుండదు. నిజంగా గంధకమేనా? తేనీటి గిన్నె ఎత్తుతుంటే ఒఫుజి అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు మామయ్యా!"

జింబెయి తాగేశాడు. అగరువత్తి సగం కాలేదాకా ఎవరూ కదల్లేదు. అతనికి ఒక తేన్పు వచ్చింది. అధికారి బుడ్డి వాసన చూసి ముక్కు మూసుకున్నాడు.

"కుళ్లిన గుడ్డు కంపు! ఇది ప్రభువుకి చూపిస్తే ముందు పోయేది నా తల." గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

ప్రభువు రాలేదు. ఆ తర్వాత బుడ్డిని చూడటానికి కూడా ఎవరూ రాలేదు.

ఆ రోజు సాయంత్రం ఒఫుజి బుడ్డిని ఒళ్లో పెట్టుకుని ముసలామె మోకాళ్లకు మందు రాస్తోంది.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు జింబెయి కోడలితో. కళ్లు తుడుచుకున్నాడు.

"కాలు ఇటు పెట్టండి మామయ్యా. మీకూ నొప్పులేగా."

ఆనాటి లెక్కలో బుడ్డి పోయింది. మూడేళ్ల కిందటే ఇంటికి రావలసిన కోడలు ఆ సాయంత్రం వచ్చింది.