మూడో గడి

"ఈ మూడో గడి పెట్టింది ఎవరు?"

ఒసాకా నుంచి వచ్చిన కొత్త ఉద్యోగిని మా సెందాయ్ ఆఫీసులో మాట్లాడిన మొదటి మాట అది. గొడుగు నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. వంగి చేయబోయిన నమస్కారం సగంలోనే ఆగిపోయింది. ఆమె చూపంతా నా కంప్యూటర్ మీదే ఉంది.

"నేనే," అన్నాను.

"తీసేద్దాం."

మాది సర్వేల కంపెనీ. ఇంటర్నెట్‌లో జనం ఏం చూస్తారు, ఏం రాస్తారు, ఎందుకు రాయకుండా ఊరుకుంటారు అని అడగడం మా పని. ప్రతి ప్రశ్న కిందా ఐదు గడులుంటాయి. ఒక చివర 'చాలా ఇష్టం', మరో చివర 'అస్సలు ఇష్టం లేదు'. సరిగ్గా మధ్యలో ఉండే మూడో గడిలో 'ఏదీ చెప్పలేను' అని ఉంటుంది. మా ఊరివాళ్ల వేలు ఎక్కువగా వాలేది దాని మీదే.

అప్పుడు చేస్తున్న సర్వే ఒక కొత్త మెసేజ్ యాప్ తయారుచేసేవాళ్ల కోసం. 'మీ అభిప్రాయాన్ని పదిమందికీ కనిపించేలా రాయడం మీకు ఇష్టమేనా?' అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. సగం మందికి పైగా ఏదీ చెప్పలేమన్నారు. దాంతో హెడ్ ఆఫీసు కంగారుపడి, ఈ పని తేలేదాకా ఉండమని ఇసోబె చినామి అనే ఈ అమ్మాయిని పంపింది.

"దీన్ని పట్టుకెళ్లి క్లయింటుకి ఏం చెప్తారు మినోవా గారూ? జనానికి అభిప్రాయాల్లేవనా?"

"ఉన్నాయండీ. ఏదీ చెప్పలేను అనడం కూడా ఒక అభిప్రాయమే."

"అదెలా?"

మా మేనేజరు శిరాతోరి గారు టీ కప్పు దించి, "ఏమయ్యా మినోవా, అడుగుతోంది కదా, చెప్పు," అన్నారు.

"అదీ... ఇప్పుడే చెప్పలేనండీ."

ఆఫీసంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. చేపల దుకాణంలో పేరు తెలియని చేపను చూసినట్టు, తల కాస్త పక్కకు వంచి నన్ను చూసింది.

*

నేను ఇషినోమాకి అనే రేవు ఊళ్లో పుట్టాను. మా నాన్న సముద్రంలో ఆల్చిప్పలు పెంచి, తినేవాళ్లకు అమ్ముతారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ని నేనే మొదట. అందుకేనేమో, అప్పజెప్పిన పని సరిగా చేయాలి, ఎవరికీ అడ్డు రాకూడదు అన్న రెండే నాకు బాగా తెలుసు. అభిప్రాయం అడిగితే మాత్రం చెమటలు పడతాయి.

ఇసోబె గారు పట్టు వదల్లేదు. సర్వేను రెండు రకాలుగా పంపించింది. ఒకదానిలో మూడో గడి ఉంది, రెండోదానిలో లేదు. మర్నాడు వచ్చిన ఫలితాలు చూసి కుర్చీలోంచి లేచిపోయింది.

"వెళ్లిపోయారు! మూడో గడి లేని చోట సర్వే మధ్యలో వదిలేసి వెళ్లిపోయారు! మా ఒసాకాలో అయితే వెళ్లేముందు ఒక తిట్టయినా తిట్టి పోతారు!"

"ఇక్కడ తిట్టరండీ. మెల్లగా చెప్పులేసుకుని వెళ్లిపోతారు."

ఈసారి ఆమె నవ్వింది. నేను అన్న మాటకు ఆడపిల్ల నవ్వడం కొత్త కాబట్టి, ఆ మధ్యాహ్నమంతా అంకెలు తప్పు కొట్టాను.

ఆ రోజు నుంచి ఆమె పరిశోధనకు నేనే దొరికాను. భోజనానికి నూడుల్స్ కొట్లో పక్కపక్కన కూర్చుంటే ప్రశ్నలు కురిసేవి.

"మీ అకౌంటులో మీ ముఖం ఎందుకు లేదు?"

"పేరు కూడా లేదండీ."

"మరి ఏం పెడతారు అందులో?"

"మేఘాలు."

"మేఘాలా? ఎవరు చూస్తారు వాటిని?"

"ఎవరూ చూడకపోతేనే నాకు హాయి."

"మరి పెట్టడం దేనికండీ?"

"ఎవరైనా చూస్తారేమోనని."

ఆమె చాప్‌స్టిక్స్ కింద పెట్టి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. కొట్టతను కూడా తొంగి చూశాడు. "మీరు మనిషి కాదు మినోవా గారూ, నడిచే మూడో గడి!"

వెక్కిరింపే. కానీ అందులో ముల్లు లేదు.

ఆమె మెసేజ్‌లు పంపే పద్ధతి వేరు. ఒక్క మాటకు ఒక్క మెసేజ్. ఫోను జేబులో వడగళ్ల వానలా టపటపలాడేది. నేను వాటిని తెరిచేవాణ్ని కాదు. ఫోను పైన కనిపించే ముక్కను చూసి చదువుకునేవాణ్ని. తెరిస్తే అవతలి వాళ్లకు 'చదివారు' అని గుర్తు పడుతుంది. గుర్తు పడ్డాక జవాబు ఆలస్యమైతే మర్యాద కాదు. మంచి జవాబు రాయాలంటేనేమో నాకు టైం పడుతుంది.

"మీరు నా మెసేజ్‌లు తెరవకుండా చదివేస్తున్నారు కదూ?" అని ఒకరోజు నిలదీసింది.

"లేదండీ."

"అలాగా! స్టేషన్ వెనక కొత్త బ్రెడ్ షాపు బాగుందని పొద్దున మెసేజ్ పెట్టాను. మీరింకా తెరవలేదు. మరి ఆ షాపు సంచీ మీ బల్ల మీదకి ఎలా వచ్చింది?"

నేను సంచీలోంచి తీపి బీన్స్ ముద్ద పెట్టిన బ్రెడ్ తీసి ఆమె ముందు పెట్టాను. రెండు కొన్నాను మరి. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. మొదటిసారి ప్రశ్నేమీ అడగకుండా తినేసింది.

*

వానాకాలం ముదిరింది. ఒక సాయంత్రం శిరాతోరి గారు ఆమెను లోపలికి పిలిచారు. బయటికొచ్చాక ఆమె మామూలుగా లేదు. బస్టాపు దాకా ఇద్దరం కలిసి నడిచాం.

"ఒసాకాలో కొత్త విభాగం పెడుతున్నారట. నన్ను దానికి పెద్దగా వేస్తారట," అంది. "వద్దనుకుంటే ఇక్కడే ఉండిపోవచ్చట. క్లయింటు మీటింగు నాటికి ఏదో ఒకటి చెప్పమన్నారు."

"అభినందనలు ఇసోబె గారూ."

"అభినందనలు తర్వాత. నేను వెళ్లిపోతే మీకెలా ఉంటుంది?"

గొడుగు మీద వాన కొడుతోంది. ఉండమంటే ఆమె ఎదుగుదలకు అడ్డు పడినట్టు. ఆమె అమ్మానాన్నలు అక్కడ ఉన్నారు. వెళ్లమంటే అది అబద్ధం. ఇంతకీ ఉండమనడానికి నేనెవర్ని? బస్సు లైట్లు మలుపు తిరుగుతున్నాయి.

"ఏదీ చెప్పలేను," అన్నాను.

ఆమె ముఖంలో ఏదో ఆరిపోయింది. "ఓహో. మూడో గడి," అంది. బస్సెక్కింది. వెనక్కి చూడలేదు.

బస్సు కదిలాక జేబులో ఫోను టపటపలాడింది. పైన ముక్క కనిపించింది.

'ఊరికే అడగలేదు.'

దాని వెనకే ఇంకొకటి. 'వెళ్లనా? ఉండనా?'

నేను తెరవలేదు. చక్కగా ఆలోచించి రాద్దామనుకున్నాను. ఇంటికెళ్లి రాశాను, చెరిపాను, మళ్లీ రాశాను. రాసిందేదీ పంపే ధైర్యం లేకపోయింది. ఇంకా తెరవలేదని చెప్పే ఎర్ర చుక్క ఆ మెసేజ్ మీద అలాగే ఉండిపోయింది. మర్నాటి నుంచి ఆమె భోజనానికి పిలవలేదు. మెసేజ్‌లు కూడా ఆగిపోయాయి. వాన తెరిపిచ్చినా బాగుండదని అప్పుడే తెలిసింది.

*

మీటింగుకి ముందు, మూడో గడి నొక్కిన కొందరిని ఆఫీసుకు పిలిచి మాట్లాడాం. అందులో ఓయామద గారని ఒకాయన వచ్చారు. ఈత కోచ్. తలుపులో పట్టనంత భుజాలు, గొంతు మాత్రం పిల్లి కూనది. ఇసోబె గారు ప్రశ్నలు అడుగుతోంది, నేను పక్కన కూర్చుని వింటున్నాను.

"నెట్‌లో మీకు బాగా నచ్చింది ఏదైనా చెప్పండి."

"ఒకావిడ కేకులు చేసే వీడియోలు పెడుతుందండీ. ఒక్కటీ వదలను."

"ఎప్పుడైనా కామెంటు రాశారా?"

"అయ్యో, లేదండీ."

"పోనీ, లైకు?"

"కొడితే ఆవిడకి తెలిసిపోతుంది కదండీ."

"తెలిస్తే మీకు ఇష్టం లేదా?"

ఆయన అంత పెద్ద చేతుల్నీ మోకాళ్ల మధ్య దాచుకున్నారు. "ఏదీ చెప్పలేనండీ."

ఇసోబె గారు మామూలుగా అయితే ఇక్కడ నిట్టూర్చి తర్వాతి ప్రశ్నకు వెళ్లేది. ఆ రోజు వెళ్లలేదు. పెన్ను పక్కన పెట్టి మెత్తగా అడిగింది. "సరేనండీ. తప్పదంటే, ఎటు?"



"తప్పదంటే... తెలియాలనే ఉందండీ," అన్నారాయన. ముఖం ఎర్రబడింది. "పోయిన నెల ఆవిడ, చూసేవాళ్లెవరూ లేరు, ఇక ఆపేద్దామనుకుంటున్నానంది. నేనున్నానని చెప్పాలనిపించింది. చెప్పలేదు."

"మరి సర్వేలో ఇదంతా ఎందుకు చెప్పలేదు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఒకసారే అడిగారు కదండీ!"

ఇసోబె గారు మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. నేను బల్ల మీది నీళ్ల గ్లాసు వైపు చూశాను.

వెళ్లేముందు ఓయామద గారు నడవాలో ఆగి ఫోను తీశారు. కేకుల వీడియో తెరిచారు. లైకు నొక్కేశారు. నొక్కి, దొంగతనం చేసినవాడిలా చుట్టూ చూసి, మెట్లు దిగి వెళ్లిపోయారు.

*

మీటింగు ఇద్దరం కలిసే చేశాం. నేను అంకెలు చెప్పాను. ఆమె మాట చెప్పింది.

"మూడో గడి ఖాళీ గడి కాదు. తీసేస్తే జనం పారిపోతారు. వదిలేస్తే ఏమీ తెలియదు. అందుకని అక్కడే ఉంచి, రెండోసారి అడగాలి. మెత్తగా. ఆ గడి కూడా ఒక అభిప్రాయమేనని మినోవా గారు మొదటి రోజే చెప్పారు. నాకే అర్థం కాలేదు."

క్లయింట్లు తలలూపారు. శిరాతోరి గారు బల్ల కింద నా కాలు తట్టారు. నాకు మాత్రం అదేమీ ఎక్కడం లేదు. ఆమె జవాబు చెప్పాల్సిన రోజు కూడా అదే.

బయట చినుకులు పడుతున్నాయి. జోజెన్‌జి వీధిలో చెట్లు రెండు వైపుల నుంచీ కమ్ముకుని ఆకుపచ్చటి పందిరి వేశాయి. ఆమె గొడుగు తెరవలేదు. నా గొడుగు కిందికే వచ్చి నిలబడింది.

"మినోవా గారూ, బస్టాపులో నేనడిగితే మూడో గడి నొక్కారు."

"అవునండీ."

"ఇప్పుడు రెండోసారి అడుగుతున్నాను. తప్పదంటే, ఎటు?"

"తప్పదంటే..."

"ఊఁ."

"ఉండండి."

ఆకుల మీంచి ఒక పెద్ద చుక్క జారి గొడుగు మీద టప్పుమంది. అంత చిన్న మాట చాలదనిపించింది నాకు.

"తప్పకపోయినా ఉండండి," అన్నాను. "ఆ రోజే చెప్పాల్సింది. మీకు పెద్ద పదవి, మీవాళ్లంతా అక్కడ, మధ్యలో నా మాట అడ్డం పడకూడదనుకున్నాను. మీరు వెళ్లాలనుకుంటే వెళ్లండి, సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి వచ్చేస్తాను. కానీ నా ఇష్టం అడిగితే మొదటి గడే ఇసోబె గారూ. 'చాలా' అని ఉంటుందే, అది."

ఒసాకా నోరు మూతపడింది. చెవులు మాత్రం ఎర్రగా అయ్యాయి.

"హెడ్ ఆఫీసుకి ఏమని చెప్పారు?" అని అడిగాను.

ఆమె చెప్పు మొనతో నీటి గుంటని కెలికింది. "ఏదీ చెప్పలేనన్నాను."

"మీరా!"

"ఏం, మీరొక్కరే అనాలా? పొద్దుట్నుంచీ వాళ్లు ఫోనులో అరుస్తున్నారు. శిరాతోరి గారేమో, ఈ ఊరి గాలి సోకింది పిల్లకి అని నవ్వుతున్నారు."

"సరే. తప్పదంటే, ఎటు?"

"ఆగండి. ముందు నా మెసేజ్ తెరవండి."

ఫోను తీశాను. అన్నాళ్లుగా ఉన్న ఎర్ర చుక్క మీద వేలు పెట్టాను. ఆమె తన ఫోను నాకు చూపించింది. 'వెళ్లనా? ఉండనా?' పక్కన బుల్లి అక్షరాలు మెరిశాయి. 'చదివారు.'

"ఇప్పుడు జవాబు రాయండి. నోటి మాట ఒసాకావాళ్లం నమ్మం."

ఈసారి చెరపలేదు. 'ఉండు చినామీ' అని రాసి, మర్యాద తప్పానేమోనని గుండె జారేలోపే పంపేశాను. ఆమె చదివి, నా చేతిలోంచి గొడుగు లాక్కుని, ఆ పిడి మీద నా చెయ్యి మళ్లీ తనే పెట్టుకుంది. రెండో చేత్తో హెడ్ ఆఫీసుకు ఫోను చేసింది.

"హలో, ఇసోబెని. ఇందాక చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను, వినండి. ఉండిపోతున్నాను. ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నాయి."

ఫోను పెట్టేశాక ఆమె పట్టుబట్టి, ఒకే గొడుగు కింద మా ఇద్దరి ఫోటో తీసింది. ముఖాలు దాచుకోవడానికి వాటి మీద ఏ బొమ్మా అతికించలేదు. దాన్ని మా ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాను. నా ముఖం నేనే ఎక్కడైనా పెట్టడం అదే మొదలు.

అమ్మ వెంటనే గంతులేసే ఎలుగుబంటి బొమ్మ పంపింది. నాన్న ఆ గ్రూపులో ఏనాడూ ఒక్క అక్షరం రాసిన మనిషి కాదు. అన్నీ చూస్తారు, అందరికంటే ముందే చూస్తారు, ఊరుకుంటారు. ఇప్పుడూ అంతేలెమ్మని ఫోను జేబులో పెట్టుకోబోయాను.

టప్పున మోగింది.

'ఆ అమ్మాయికి ఆల్చిప్పలు ఇష్టమేనా?' అని అడిగారు నాన్న.

చినామి నా భుజం మీంచి తొంగి చూసి, నా ఫోను లాక్కుని తనే టైపు చేసింది.

'చాలా ఇష్టం.'