ఏడు దగ్గర ఆగిపోయిన అంకె

మిమ్మల్నే అంటున్నాను, పవర్ ప్లాంటు పెద్దల్లారా! శత్రువు గోడ దూకి వచ్చాడని పేపర్లకు చెప్పారు. పచ్చి అబద్ధం. వాడికి గోడ దూకాల్సిన కర్మేం పట్టింది? మీరే టెండరు పిలిచారు, మీరే గేట్ పాస్ ఇచ్చారు, మీరే ఏసీ రూములో కూర్చోబెట్టి బిస్కెట్లు పెట్టారు. ఊరు ఊరంతా విషం తాగబోయిన ఆ పొద్దున మీ ఘనకార్యం ఏమిటో చెబుతాను, వినండి.

ఆ పొద్దున ఏజెంట్ కొంగ తన చీఫ్ ముందు నిలబడి ఉన్నాడు. పొడుగాటి కాళ్ళు, సన్నటి మెడ, కదలకుండా కాపు కాసే ఓపిక. డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు.

"ప్లాంటులో బాయిలర్ కడగడానికి వచ్చిన విదేశీ కాంట్రాక్టరు ఉన్నాడే, వాడిది స్పై రింగ్," అన్నాడు చీఫ్. "బాయిలర్ గొట్టాల్లో పేరుకున్న పెచ్చులు పోవడానికి యాసిడ్ పెట్టి కడుగుతారు. ఆ వాడేసిన యాసిడ్ అంతా ఒక గుంటలో ఉంది. సున్నం కలిపి, దాని ఘాటు చంపాకే బయటికి వదలాలి. వీళ్ళు పచ్చిగానే కాలవలోకి వదలబోతున్నారు. ఇవాళే."

"వాళ్ళకేం లాభం సార్?"

"కింద టౌన్ తాగేది ఆ కాలవ నీళ్ళే. జనం పడిపోతారు. ప్లాంటు మూతపడుతుంది. మనం చీకట్లో కూర్చుంటాం. అప్పుడు వాళ్ళ దేశం మనకి కరెంటు అమ్ముతుంది. వాళ్ళు చెప్పిందే రేటు."

ఆ టౌన్‌లో కొంగకు అక్క ఉంది. బావకు కిడ్నీలు పోయాయి. రోజు మార్చి రోజు ఆస్పత్రిలో డయాలసిస్. ఎన్ని ఫిల్టర్లు పెట్టినా ఆ మిషన్‌లోకి వెళ్ళేవి కాలవ నీళ్ళే. ఇవాళ బావ వంతు.

"లోపల మన మనిషి ఉంది. వాళ్ళ అడ్వైజర్‌గా చేరింది, అందరూ మేడమ్ అంటారు. కోడ్ చెబుతున్నా, విను. 'ఇక్కడ నీళ్ళెలా ఉంటాయి?' అని అడుగు. 'అడిగేవాళ్ళని బట్టి' అంటుంది."

"దిక్కుమాలిన జవాబు సార్."

"నిజమైన జవాబు. వెళ్ళు."

కొంగ నీలం కోటు తొడుక్కుని, సీసాల బుట్ట పట్టుకుని, ల్యాబ్ నుంచి శాంపిల్స్ తీసుకెళ్ళేవాడిలా లోపలికి నడిచాడు. జేబులో ఒక పెన్ను. దాని మొన నీళ్ళలో ముంచితే, మంచినీళ్ళకు పచ్చ లైటు, యాసిడ్‌కు ఎర్ర లైటు.

కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు. మేడమ్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. నల్లకళ్ళద్దాలు, గది నిండా సెంటు వాసన.

"ఇక్కడ నీళ్ళెలా ఉంటాయి?"

"అడిగేవాళ్ళని బట్టి," నవ్వింది మేడమ్. స్క్రీన్ వైపు వేలు చూపింది. "చూడండి. కాలవ నీళ్ళ పీహెచ్ ఏడు. అంటే మంచినీళ్ళు. యాసిడ్ కలిస్తే ఆ అంకె కిందికి పడుతుంది. వాళ్ళ గురి గుంట మీద లేదు, బొగ్గు కాలిన బూడిద వదిలే చెరువు గట్టు మీద ఉంది. అటు పరిగెత్తండి."

కొంగ పరిగెత్తాడు. బూడిద చెరువుకు దారి కాలవ మీది చెక్క వంతెన. అలవాటుగా వంగి పెన్ను ముంచాడు.

ఎర్ర లైటు.

వాకీటాకీ తీశాడు. "ఆపరేటర్! పీహెచ్ ఎంత?"

"ఏడు సార్."

"ఇప్పుడెంత?"

"ఎప్పుడూ ఏడే సార్. వానొచ్చినా వరదొచ్చినా ఏడే." ఆపరేటర్ కిసుక్కున నవ్వాడు. "పీహెచ్ కొలిచే సెన్సారు కాలవలో ఉంటే కదా మారడానికి! షెడ్డులో బకెట్లో ఉంటుంది. మేనేజర్ గారు తాగే వాటర్ టిన్ను నీళ్ళే పోస్తాం. రోజూ పొద్దున మార్చేది నేనే. పొల్యూషన్ బోర్డువాళ్ళు మొన్న సర్టిఫికెట్ కూడా ఇచ్చారు."

"ఓరి నీ... గేటు దించు! కాలవ గేటు దించు!"

"చేత్తో దించే చక్రం తుప్పు పట్టిందని పీకేశారు సార్. సెన్సారు చెబితేనే గేటు పడుతుంది. కొన్నప్పటి నుంచీ ఒక్కసారీ పడలేదు పాపం."

పైనుంచి పసుపు నురగ దొర్లుకుంటూ వస్తోంది. కొంగ కాలవ గట్టున ఉన్న షెడ్డులోకి దూరాడు. మేడమ్ అప్పటికే అక్కడుంది, చేతిలో చిన్న పిస్టల్‌తో.

"చేతులు పైకి, కొంగగారూ. మీ చీఫ్‌కి నా జీతం చాలనిపించింది. వాళ్ళకి అలా అనిపించలేదు."

"ఇన్ని ప్లాంట్లుండగా ఇదే ఎందుకు?"

"బకెట్ ఉన్న ప్లాంటు కావాలి మాకు. సైరన్ మోగదు, గేటు పడదు. మీవాళ్ళే అంతా సిద్ధం చేసి పెట్టారు. మేం గుంట వాల్వ్ తిప్పాం, అంతే."

ఆమె కాళ్ళ పక్కనే ఎర్రటి ప్లాస్టిక్ బకెట్. అందులో, మూత పెట్టిన ఊరగాయలా, సెన్సారు. పిస్టల్‌ని చూసి రాని కోపం ఆ బకెట్‌ని చూస్తే వచ్చింది కొంగకు. ఒళ్ళు మండిపోయింది.

చేతులు పైకెత్తాడు. చేతులు మాత్రమే.

ఆ పొడుగాటి కాలు విసురుకు బకెట్ తెరిచిన తలుపులోంచి ఎగిరి కాలవలో పడింది. వైరు సాగింది, సెన్సారు నురగలో మునిగింది. సైరన్ చెవులు చిల్లులు పడేలా అరిచింది. మేడమ్ ఉలిక్కిపడి పేల్చిన గుండు రేకు పైకప్పులో దూరింది. మరుక్షణం గేటు ధడేలున పడింది. నురగ ఇనుప రేకుకు కొట్టుకుని, అక్కడే గిర్రున తిరిగి ఆగిపోయింది.

"పనిచెయ్యదన్నారే!" అంది మేడమ్, మణికట్టు కొంగ పిడికిట్లో చిక్కుకుని.

"దానికేం రోగం? ఇన్నాళ్ళూ ఎవరూ నిజం చెప్పలేదు, అంతే."

సెక్యూరిటీవాళ్ళు ముఠా మొత్తాన్ని జీపెక్కిస్తుంటే మేనేజర్ రొప్పుకుంటూ వచ్చాడు.

"ఆ రీడింగ్ బోర్డుకి వెళ్ళిపోయిందా? చెరిపెయ్యగలమా?"

"ముందు ఊరికేమైందో అడగండి."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు."

"మరింకేం! ఎవర్రా అక్కడ, ఇంకో బకెట్ తీసుకురండి!"

కొంగ అతన్ని కొట్టలేదు. కొట్టకుండా ఉండటానికి ఫోను పట్టుకున్నాడు. "అక్కా, బావెలా ఉన్నాడు?"

"మిషన్ మీద గురక పెడుతున్నాడు. నర్సులు తిడుతున్నారు. నీ గొంతేంట్రా అలా వణుకుతోంది?"

"ఏం లేదే. కోపం."

సాయంత్రం చీఫ్ మెడల్ మాట ఎత్తాడు.

"మెడల్ వద్దు సార్. పైపు మార్చండి. మేనేజర్ ఇంటికి, ఆఫీసర్ల క్వార్టర్స్‌కి, గెస్ట్ హౌస్‌కి, సర్టిఫికెట్ ఇచ్చిన బోర్డువాళ్ళ ఆఫీసుకి నీళ్ళు ఇక ప్లాంటుకి ఎగువనుంచి ఇవ్వకండి. గేటు దాటి కాలవ బయటపడే చోటు నుంచి ఇవ్వండి. ఈ ఒక్క ప్లాంటుకే కాదు, కరెంటు తయారుచేసే ప్రతి ప్లాంటుకీ. కమిటీలొద్దు, మీటింగులొద్దు, రేపు పొద్దున వాళ్ళ కొళాయి తిప్పితే ఆ నీళ్ళే రావాలి. ఆ తర్వాత నన్ను ఉద్యోగంలోంచి పీకేసినా ఫర్వాలేదు. కాపలాకి వాళ్ళ దాహం చాలు."