ఫ్యాక్టరీ గేటు దాకా రైలు

"ఆగాగు! అప్పుడే స్విచ్ వెయ్యకు!" అంది ప్రవళిక.

ఆ పిల్ల చేతిలో నీలం రంగు స్ట్రా ఉంది. పౌడరు డబ్బాతో చేసిన ట్యాంకు నుంచి అట్టపెట్టెతో చేసిన షెడ్డు దాకా దాన్ని అతికించాలి. అదే ఫ్యాక్టరీ పైపులైను.

"ఇంకా ఎంతసేపే?" చైతన్య విసుక్కుంది.

"జర ఆగు. పైపుల్లేని కంపెనీ ఏడన్న ఉంటదా?"

ఆ సంగతి ప్రవళికకే బాగా తెలుసు. వాళ్ళ నాన్న ఐలయ్య జీడిమెట్లలో ట్యాంకర్ లారీ నడుపుతాడు. రెండుసార్లు కూతుర్ని కూడా లారీలో ఎక్కించుకుని వెళ్ళాడు. అక్కడి ట్యాంకులు, చిమ్నీలు, గేటు దగ్గర లారీల్ని తూచే కాంటా, అన్నీ ఆ పిల్లకి కళ్ళకి కట్టినట్టు గుర్తు.

ఇద్దరూ చందానగర్‌లో ఒకే బడిలో ఆరో తరగతి. సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలైంది. బడి లేదు, బస్సులు లేవు. టీవీ పెడితే చాలు, తెలంగాణ వార్తలే. ఏం తోచక, చైతన్య తన పుట్టినరోజుకి వచ్చిన బ్యాటరీ రైలుని బయటికి తీసింది. ప్రవళిక చూసి, "ఉత్తగ గుండ్రంగ తిరుగుడేనా? దీనికొక కంపెనీ కడదాం" అంది. అంతే, పని మొదలైంది.

పాత మంచం చెక్కని టేబుల్ మీద పరిచారు. దానిమీద పట్టాలు గుండ్రంగా బిగించారు. ఒకచోట మాత్రం మీట తిప్పితే పట్టా పక్కకి చీలి, ఫ్యాక్టరీ షెడ్డులోకి వెళ్తుంది. దాన్ని సైడింగు అంటారని చైతన్య తాతయ్య నారాయణప్ప చెప్పాడు. ఆయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి.

ఆదివారం చైతన్య వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్రదర్శన ఉంది. బడి లేని ఈ రోజుల్లో పిల్లలు ఏమేం తయారుచేశారో అందరికీ చూపించాలి. అసోసియేషన్ ప్రెసిడెంట్ శ్రీనివాసరావుగారు ఇంటింటికీ వచ్చి మరీ చెప్పారు. ఇంక మూడే రోజులు.

"ఆ, ఇగ వెయ్యి!" అంది ప్రవళిక.

చైతన్య స్విచ్ వేసింది. ఎర్ర ఇంజను నాలుగు వ్యాగన్లని లాక్కుంటూ బయల్దేరింది. రెండు వ్యాగన్లలో బొగ్గుపొడి, రెండింటిలో ఉప్పు. రైలు సగం చుట్టు తిరిగింది. సైడింగు వైపు మళ్ళింది. షెడ్డుకి జానెడు దూరంలో ఇంజను ఎగిరిపడింది. వ్యాగన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇంజను బల్ల అంచు దాటి టప్పుమని నేలమీద పడింది.

చైతన్య గబగబా దాన్ని తీసి చూసింది. వ్యాగన్లని తగిలించే కొక్కెం విరిగిపోయింది.

"చూశావా! నిన్నటిదాకా బాగానే వెళ్ళింది. నీ పైపులు తగిలే పడింది!"

"పైపులు గంత దూరమున్నయి. ఎట్ల తగుల్తయి?"

"నువ్వే తగిలించావు. నాకు తెలుసు."

"నేను తగిలియ్యలే!"

చైతన్యకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మొన్న రెండు రోజులు రైల్ రోకో జరిగింది. లింగంపల్లి స్టేషన్లో పట్టాల మీద కూర్చున్నవాళ్ళలో ఐలయ్య కూడా ఉన్నాడు. ప్రవళిక ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది కూడా. అది చప్పున చైతన్య నోటికొచ్చింది.

"మీవాళ్ళకి రైళ్ళు ఆపడమేగా పని! ఊళ్ళో రైళ్ళు చాల్లేదని నా రైలు కూడా ఆపేశావు!"

ప్రవళిక చేతిలో మిగిలిన స్ట్రాలని బల్లమీద పెట్టింది. చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కాసేపటికి తాతయ్య గదిలోకి వచ్చాడు.

"ఏమైంది పాపా?"

"ప్రవళిక రైలుని పడేసింది."

"పడేసేది నువ్వు సూస్తివా?"

చైతన్య ఇంజనుని బల్లమీద పెట్టింది.

తాతయ్య కళ్ళజోడు సర్దుకుని బల్ల దగ్గరికి వంగాడు. "నేను కీమ్యాన్ పని చేసినప్పుడు పొద్దున్నే సుత్తి భుజానేసుకొని పట్టా ఎంబడి నడుస్తాంటి. ఏడు కిలోమీటర్లు. యాడ ఏమి వదులైంది, యాడ ఏమి అడ్డముంది, అంతా సూసుకుంటా పోవల్ల. బండి పడిందంటే మేము ముందు పట్టానే ఎతికేవాళ్ళం. ఏదీ, నీ ఏలు పెట్టి సూడు."

చైతన్య పట్టా లోపలి అంచు మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. నున్నగా ఉంది. ఇంకా నున్నగా ఉంది. షెడ్డుకి జానెడు దూరంలో వేలికి ఏదో గరుకుగా తగిలింది. కిందికి వంగి కంటికి దగ్గరగా చూసింది. శనగగింజంత ఉండ. గమ్ములో ఇసుక కలిసి రాయిలా గట్టిపడింది.

చైతన్య వేలు అక్కడే ఆగిపోయింది.

నిన్న సాయంత్రం ప్రవళిక ఇంటికి వెళ్ళాక, పట్టాల మధ్య కంకర ఉంటే అందంగా ఉంటుందనిపించింది. తనొక్కతే కూర్చుని గమ్ పూసి ఇసుక చల్లింది. పొద్దున్న ప్రవళికని ఆశ్చర్యపరచాలనుకుంది. గమ్ ఎక్కడ కారిందో చూసుకోలేదు.

"తాతా... ఇది నేనే చేశాను."

తాతయ్య తలూపాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"గమ్ము గీకేది నీకు తెలీదా?"

"గమ్ సంగతి కాదు తాతా."

"అదీ నీకు తెలుసులే" అని తాతయ్య మళ్ళీ పేపరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ప్రవళిక వాళ్ళు వెనక గల్లీలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటారు. చైతన్య ఇంజను చేత్తో పట్టుకుని బయల్దేరింది. అయిదు నిమిషాల దారి. తిరిగి వెళ్ళిపోదామని రెండుసార్లు ఆగింది.

గుమ్మం ముందు ఐలయ్య కూర్చుని ఉన్నాడు. లారీలు బంద్ కాబట్టి ఇంట్లోనే ఉంటున్నాడు. చైతన్యని చూసి నవ్వాడు.

"రా బిడ్డా! ఏమైంది, మీ రైలు కంపెనీల జొచ్చిందా?"

అంటే ప్రవళిక ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. చైతన్యకి ఇంకా కష్టమైపోయింది. లోపల ప్రవళిక, తల్లి లక్ష్మమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. తలెత్తలేదు.

"అంకుల్, రైలు పడిపోయింది" అంది చైతన్య. "తప్పు నాది. పట్టా మీద నేనే గమ్ కార్చాను. కానీ ప్రవళికని అన్నాను. మీవాళ్ళకి రైళ్ళు ఆపడమే పని అని కూడా అన్నాను."

లక్ష్మమ్మ చేతులు ఆగిపోయాయి. ఐలయ్య మొహంలో నవ్వు పోయింది.

"రైళ్ళు ఆపిన మాట నిజమే బిడ్డా. ఎందుకాపినమో అడుగు, కూసోని చెప్త. గానీ నా బిడ్డ నీ రైలు ఆపలే."

"తెలుసు అంకుల్. అది చెప్పడానికే వచ్చాను." చైతన్య గుమ్మంలోకి చూసింది. "ప్రవళికా, సారీనే. నువ్వు తగిలించలేదు. నువ్వు చెప్తున్నా నేను వినలేదు."

ప్రవళిక ఇంకో నాలుగు కాయలు గిల్లింది. తర్వాత లేచి వచ్చింది. చెయ్యి చాపింది.

"ఇంజనేది? ఇటియ్యి."

కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. జడలోంచి హెయిర్‌పిన్ను తీసి తండ్రికిచ్చింది. "నాయినా, దీన్ని వంచు." ఐలయ్య పటకారుతో దాన్ని కొక్కెంలా వంచాడు. ఇంజను వెనక బిగించి లాగి చూశాడు. పాతదానికంటే గట్టిగా ఉంది.

ఆ సాయంత్రం చైతన్య గోళ్ళు గీరుకునే ఆకురాయితో గమ్ ఉండని గీకేసింది. తర్వాత పట్టా మొత్తం ఇద్దరూ చెరోవైపు నుంచీ వేలుతో తడుముకుంటూ వచ్చారు. ఇంకో రెండు చిన్న ఉండలు దొరికాయి.

"ఇంకా ఏమేం ఉంటాయే కంపెనీలో?" అడిగింది చైతన్య. మొదలుపెట్టినప్పట్నుంచీ ఆ మాట అడగడం అదే మొదటిసారి.

ప్రవళిక చెప్తూ పోయింది. ఫ్యాక్టరీ పెరుగుతూ పోయింది. ట్యాంకులు ఒకటి నుంచి అయిదయ్యాయి. అగ్గిపుల్లలతో వాటికి నిచ్చెనలు వచ్చాయి. అగరొత్తుల గొట్టం పొగగొట్టమైంది. అందులో దూది కూరితే అచ్చం పొగలాగే ఉంది. గేటు పక్కన అగ్గిపెట్టెతో కాంటా, దాని వెనక క్యాంటీను. "క్యాంటీను లేకుంటే డ్రైవర్లు చాయ్ ఏడ తాగుతరు?" అంది ప్రవళిక. సరేనని చైతన్య మూడు పూసలు తెచ్చి టీ గ్లాసుల్లా పేర్చింది.

ఆదివారం వచ్చింది. బరువైన ఆ చెక్కని రెండో అంతస్తు నుంచి దింపాలి. ఒకవైపు చైతన్య నాన్న దినేష్, రెండోవైపు ఐలయ్య పట్టుకున్నారు. "జర పైకి లేపుండ్రి సార్", "మీరు మెల్లగా తిరగండి" అనుకుంటూ ఒక్క నిచ్చెన కూడా ఊడకుండా సెల్లార్‌లోకి చేర్చారు.

సెల్లార్ నిండా జనం. రైలు దగ్గరే అందరికంటే ఎక్కువమంది మూగారు. శ్రీనివాసరావుగారు ముందు వరసలో నిలబడ్డారు. ప్రవళిక స్విచ్ వేసింది. రైలు బయల్దేరింది. ఒక చుట్టు. రెండు చుట్లు. మూడో చుట్టులో చైతన్య మీట తిప్పగానే సైడింగు వైపు మళ్ళింది.

టక్. రైలు ఆగిపోయింది. చివరి వ్యాగన్ పక్కకి ఒరిగింది.

అనసూయమ్మగారి నాలుగేళ్ళ మనవరాలు హాసిని చెక్క అంచు పట్టుకుని నిలబడి ఉంది. అందరి చూపులూ ఆ పిల్ల మీద పడ్డాయి.

"ముట్టుకోవద్దని చెప్పానా!" అనసూయమ్మ చెయ్యెత్తింది. హాసిని మొహం ఏడుపుకి సిద్ధమైంది.

"అమ్మమ్మా, ఆగండి! పాపని ఏమీ అనకండి" అంది చైతన్య. "ముందు మేం పట్టా చూసుకోవాలి."

ఇద్దరూ చెరోవైపు వంగారు. నాలుగు చూపుడువేళ్ళు పట్టా మీద నడిచాయి.

"దొరికింది!" అంది ప్రవళిక. మెట్లు దిగేటప్పుడు కుదుపుకి ఒక అతుకు వదులైంది. దాన్ని బొటనవేలితో నొక్కితే టిక్కుమని కూర్చుంది. చైతన్య స్విచ్ ఆపి, వ్యాగన్‌ని సరిచేసి నిలబెట్టింది.

తర్వాత హాసినిని ఎత్తి స్టూలు మీద నిలబెట్టింది. స్విచ్ చూపించింది.

"ఇదిగో, ఇక్కడ నొక్కు."

హాసిని చైతన్య వంక చూసింది, అమ్మమ్మ వంక చూసింది. బుల్లి వేలితో నొక్కింది.

ఎర్ర ఇంజను కదిలింది. బొగ్గు వ్యాగన్లు, ఉప్పు వ్యాగన్లు ఒకదాని వెంట ఒకటి సైడింగులోకి మళ్ళాయి. కాంటా దాటాయి. క్యాంటీను దాటాయి. అయిదు ట్యాంకుల మధ్యనుంచి, నీలం పైపుల కిందినుంచి, షెడ్డులోకి వెళ్ళి ఆగాయి.

సెల్లార్ మొత్తం చప్పట్లతో మార్మోగింది. ఐలయ్య ఈల వేశాడు. నారాయణప్ప తాతయ్య పచ్చ తువ్వాలు తీసి జెండాలా ఊపాడు. అందరికంటే గట్టిగా అరిచింది మాత్రం హాసినే.

"నేనే! రైలు నేనే నడిపా!"

"అవును, నువ్వే నడిపావు" అంది చైతన్య, ప్రవళిక చెయ్యి పట్టుకుని.